నిండైన ఛాతీకి బటన్లు పెట్టుకోగలిగే కార్డిగన్ ఎలా ఎంచుకోవాలి?

వానమబ్బు:
అందరికీ నమస్కారం. ఆఫీసులో నా కుర్చీ సరిగ్గా ఏసీ గాలి కింద ఉంది. రోజంతా కార్డిగన్, అంటే ముందు తెరుచుకునే స్వెటరు, ఉండాల్సిందే, అదీ బటన్లు పెట్టుకుని. చిక్కంతా అక్కడే. భుజాలకు సరిపోయేది తీసుకుంటే రెండో బటనుకూ మూడో బటనుకూ మధ్య నోరు తెరుస్తుంది. ఛాతీ దగ్గర మూసుకునేది తీసుకుంటే భుజం కుట్టు జబ్బ మీదికి జారుతుంది, చేతులు వేళ్లను కప్పేస్తాయి, మెడ వెనక్కి పోతుంది.

నా కొలతలు ఇవి: అప్పర్ చెస్ట్ (చంకల కింద నుంచి, ఛాతీ ఎత్తుకు పైన చుట్టూ తీసినది) 36 అంగుళాలు, ఛాతీ 41, నడుము 33.

"బటన్లు పెట్టుకోకుండా వదిలేయండి, బాగుంటుంది" అనే సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు. అలా అన్నవారిలో ఒక్కరికీ చలి వేస్తున్నట్టు లేదు.

కత్తెర:
మీ కొలతల్లోనే జవాబు ఉందండీ. 41లోంచి 36 తీసేస్తే 5 అంగుళాలు. కుట్టు నమూనాల్లో చాలావాటికి ఆధారం బీ కప్పు. అంటే అప్పర్ చెస్ట్ కంటే ఛాతీ 2 అంగుళాలు ఎక్కువ ఉంటుందనుకుని గీస్తారు. ఆ లెక్కన 41 ఛాతీకి గీసిన బట్ట 39 అప్పర్ చెస్ట్ ఉన్న మనిషిది. ఆవిడ భుజాలు, మెడ, చేతి పొడవు అన్నీ మీకంటే పెద్దవి. మీకు కావలసింది ఆవిడ ఛాతీ భాగం ఒక్కటే, దుకాణమేమో ఆవిడను మొత్తంగా అంటగడుతోంది.

వెడల్పుతో కథ అయిపోదు, పొడవు కూడా ఉంది. ఛాతీ ఎత్తు ఎక్కి దిగాలంటే ముందు వైపు బట్ట ఎక్కువ పడుతుంది. అది లేకపోతే ముందు అంచు పైకి లేస్తుంది. అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకోండి. కింది అంచు వెనక కిందికి, ముందు పైకి వాలి ఉంటే పొడవు చాలలేదని అర్థం. చాలామంది సైజు పెంచుకుంటూ పోతారు. ఆ వాలు మాత్రం పోదు.

వానమబ్బు:
ఇప్పుడే చూసుకున్నాను. వాలు ఉంది! రెండు వేళ్ల వెడల్పు తేడా. ఇన్నాళ్లూ కార్డిగన్ కురచ అనుకుంటున్నాను.

పాతబీరువా:
కార్డిగన్ దగ్గరికి వెళ్లేముందు బ్రా సంగతి తేల్చుకోండి. ఎవరూ వినరు గానీ సగం పని అక్కడే అవుతుంది. భుజం చివర నుంచి మోచేతి వరకు ఉన్న పొడవులో ఛాతీ ఎత్తైన చోటు దాదాపు మధ్యకు రావాలి. అంతకంటే కిందికి ఉంటే ఛాతీకీ నడుముకూ మధ్య జాగా తగ్గిపోతుంది. ఏది వేసుకున్నా ముద్దగా కనిపిస్తుంది, తప్పంతా స్వెటరు మీద వేస్తాం. కొలతలు కూడా రోజూ వేసుకునే బ్రాతోనే తీసుకోవాలి. పలచటి బ్రాతో కొలిచి, మెత్త ఉన్న బ్రా మీద వేసుకుంటే కొలతకు అర్థమే లేదు.

ఇంకొక సంగతి. ఈ దుస్తుకు పేరిచ్చినది 7వ ఎర్ల్ ఆఫ్ కార్డిగన్, జేమ్స్ బ్రూడెనెల్ అనే బ్రిటిష్ సేనాధికారి. 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర అశ్వదళాన్ని నడిపించినవాడు. మన ఛాతీ కొలతలు ఆయన లెక్కలో ఉండి ఉంటాయని నేననుకోను.

వానమబ్బు:
ఆయన మీద ఫిర్యాదు తర్వాత పెడదాం. ముందు నా మూడో బటను సంగతి చెప్పండి.

అద్దంలోనేను:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇలాంటి చర్చలన్నీ చివరికి "ఛాతీ చిన్నగా కనిపించడం ఎలా" దగ్గరికే చేరతాయి. నప్పడం అంటే దాచడమేనా? నా ఛాతీ పెద్దదే. దాన్ని చూసి నాకు బాధ లేదు. నాకు కావలసింది కూర్చున్నప్పుడు బటను ఊడకుండా ఉండటం, మీటింగులో మాటిమాటికీ ముందుకు లాక్కోవాల్సిన అవసరం లేకపోవడం.

తేలికదారం:
అద్దంలోనేను గారి మాటతో ఏకీభవిస్తాను. అయితే ఒక్క సవరణ. సరిగ్గా కూర్చున్న బట్టలో ఛాతీ ఉన్నంతే కనిపిస్తుంది. కూర్చోని బట్టలోనే ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ముఖ్యంగా భుజం జారిన వదులు కార్డిగన్లలో. బట్ట ఛాతీ కొస నుంచి నేరుగా కిందికి వేలాడి నడుమును మింగేస్తుంది. పక్క నుంచి చూస్తే మనిషి మొత్తం ఛాతీ అంత వెడల్పు అనిపిస్తుంది. దాచుకుందామని తీసుకున్న వదులే ఎత్తి చూపిస్తుంది.

అద్దంలోనేను:
ఇది ఒప్పుకుంటాను.

కత్తెర:
ఇక ఎంపిక. మొదటి నియమం: భుజం, మెడ కుదిరిందో లేదో చూడండి, మిగతావన్నీ తర్వాత. ఎందుకంటే అల్లిక బట్టలో భుజం సరిచేయాలంటే చేతులు ఊడదీసి, చంక దగ్గర మళ్లీ గుండ్రం తీసి, చేతులు తిరిగి ఎక్కించాలి. కత్తిరించిన చోట అల్లిక జారిపోయే ప్రమాదం కూడా ఉంది. పక్క కుట్లు సరిచేయడం దానితో పోలిస్తే తేలిక.

అలాగని 36 అప్పర్ చెస్ట్‌కు సరిపోయే సైజే తీసుకోమని అనను. అది 38 ఛాతీకి గీసినది. మీకు 3 అంగుళాలు తక్కువ. సన్నటి అల్లిక సాగుతుంది నిజమే, కానీ బటన్ పట్టీ సాగదు. చుట్టూ ఉన్న బట్ట లాగే బలమంతా బటన్ల మీద పడుతుంది. అందుకే నోరు తెరుస్తుంది. ఒక సైజు పైకి వెళ్లండి, రెండు వద్దు. భుజంలో అర అంగుళం తేడా కంటికి పెద్దగా ఆనదు. మిగిలిన లోటును వేరే దారిలో పూడ్చాలి.

పాతబీరువా:
నేను దీనికి ఒప్పుకోను. ఛాతీకి సరిపోయేదే కొని, పక్కల, వీపు మీద, చేతుల్లో తగ్గించుకోవాలి. ఉన్న బట్టను తగ్గించవచ్చు, లేని బట్టను ఎక్కడి నుంచి తెస్తారు?

కత్తెర:
నేసిన బట్టతో కుట్టిన షర్టుకైతే మీ మాటే సరి. స్వెటరుకు కాదు. భుజం జారిన స్వెటరును పక్కల్లో ఎంత తగ్గించినా చంక కింద ముడతలు పడతాయి, చేయి ఎత్తితే స్వెటరు మొత్తం పైకి వస్తుంది. లేని బట్టను తేవచ్చు కూడా. చంక నుంచి అంచు వరకు పక్క కుట్టు విప్పి, దాదాపు అదే మందం ఉన్న అల్లిక ముక్కను అంగుళం వెడల్పు పట్టీగా రెండు వైపులా వేస్తే మొత్తం 2 అంగుళాలు వస్తుంది. రంగు కలవకపోతే కావాలనే వేరే రంగు వేయండి, డిజైన్ అనుకుంటారు. అంచులు చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషను లేకపోతే సన్నటి జిగ్‌జాగ్ కుట్టు వేయండి. మామూలు నిలువు కుట్టు వేస్తే సాగినప్పుడు దారం తెగుతుంది.

పాతబీరువా:
పట్టీ ఆలోచన బాగుంది. మిగతాదానిలో నా మాట నాదే.

వేలిముద్ర:
బటన్ల దగ్గర ఖాళీ గురించి ఇంట్లో చేసుకోగలిగినవి చెబుతాను. మిషను అవసరం లేదు.

అన్నిటికంటే సులువు, బటనుకూ బటనుకూ మధ్య లోపలి వైపు టిచ్ బటన్లు కుట్టడం. ఛాతీ ఎత్తైన చోట ఒకటి తప్పనిసరి, దాని పైన ఒకటి, కింద ఒకటి చాలు. చిన్నవి, వీలైతే బట్ట రంగువి. అల్లికకు నేరుగా కుడితే లాగినప్పుడు రంధ్రం పడుతుంది. వెనక చిన్న బట్ట ముక్క పెట్టి కుట్టండి.

రెండోది, లోపలి వైపు పట్టీ పొడవునా అడ్డు గీతలుండే గట్టి రిబ్బను కుట్టడం. పట్టీ సాగి అలలు పడటం ఆగిపోతుంది, బటన్లు నిటారుగా నిలబడతాయి. రిబ్బనును ముందే తడిపి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులో అది కుదించుకుపోయి పట్టీని ముడుచుకునేలా చేస్తుంది. స్వెటరును బల్ల మీద పరిచి, లాగకుండా, గుండుసూదులు పెట్టి చేత్తో కుట్టాలి. కాజాలున్న వైపు రిబ్బనుకు కూడా కాజాలు తీయాల్సి ఉంటుంది, అదొక్కటే విసుగు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. మీ కార్డిగన్ తల మీదుగా తొడుక్కోగలిగేంత సాగుతుంటే, ఎలాగూ ఎప్పుడూ బటన్లు తీయనివారైతే, ఛాతీ దగ్గర పట్టీలు రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టేయండి. పైన రెండు, కింద రెండు బటన్లు మాత్రం పనిచేస్తాయి. చూసేవారికి తేడా తెలియదు.

రెండు వైపులా అంటుకునే టేపు మాత్రం వద్దు. ఊలుకు జిగురు పట్టుకుంటే తీసేటప్పుడు నూగు లేచి వస్తుంది. షర్టులకు సరే.

వానమబ్బు:
వేలిముద్ర గారూ, మూడో ఉపాయం విని నిజంగా నవ్వొచ్చింది. ఇంత సులువైనది ఎవరికీ ఎందుకు తట్టదు?

కత్తెర:
తట్టినా చెప్పుకోరు. బటన్ల గురించి ఒక మాట కలుపుతాను. పెద్ద బటన్లు దూరం దూరంగా ఉన్నదానికంటే చిన్నవి దగ్గర దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. ఒక బటను సరిగ్గా ఛాతీ ఎత్తైన చోటికి రావాలి. ఆ చోటు రెండు బటన్ల మధ్యకు వస్తే ఎంత వదులున్నా కూర్చున్నప్పుడు తెరుచుకుంటుంది. రెడీమేడ్‌లో కాజాలు ముందే తీసి ఉంటాయి కాబట్టి జరపలేం. తొడుక్కుని చూసేటప్పుడే గమనించుకోవాలి.

పాలబుగ్గ:
నాకు పసిబిడ్డ ఉంది. పాలిచ్చే రోజుల్లో ఉదయం కొలత సాయంత్రానికి ఉండదు. బటన్ల బదులు జిప్ ఉన్నది తీసుకోమని ఒకరు చెప్పారు. మీరేమంటారు?

వేలిముద్ర:
జిప్ నోరు తెరవదు, నిజమే. కానీ గట్టిగా ఉంటుంది కాబట్టి ఛాతీ కింద వంగకుండా కర్రలా నిలబడుతుంది, కూర్చుంటే పొట్ట దగ్గర ఉబ్బి మెడ వైపు ఎగదన్నుతుంది. తప్పదనుకుంటే కింద నుంచి కూడా తెరుచుకునే రెండు వైపుల జిప్ తీసుకోండి, కూర్చున్నప్పుడు కింద నాలుగు అంగుళాలు వదిలేయవచ్చు. మీ పరిస్థితిలో నేనైతే ఒకవైపు మీద మరోవైపు కప్పి పక్కన ముడి వేసుకునే రకం తీసుకుంటాను. ఎంత పెరిగినా, తగ్గినా ముడి సరిచేసుకుంటే చాలు. బిడ్డకు పాలివ్వడానికీ తేలిక.

తేలికదారం:
బట్ట గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అదే పిచ్చి కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా మందం. లావు దారంతో అల్లిన స్వెటరు శరీరానికి అన్ని వైపులా దాని మందాన్ని కలుపుతుంది. జడల డిజైన్ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ జడలు సరిగ్గా ఛాతీ మీదుగా వెళితే వంకర తిరిగి, అక్కడ ఏం జరుగుతోందో దూరం నుంచే చెప్పేస్తాయి. సన్నటి అల్లిక ఒంపును అనుసరిస్తుంది. చలి సంగతి అంటారా, సన్నటి మెరీనో ఊలు లావు అక్రిలిక్ కంటే వెచ్చగా ఉండటం మామూలే. మందం వేరు, వెచ్చదనం వేరు.

తర్వాత సాగి మళ్లీ యథాస్థితికి రావడం. ఊలుకు ఆ గుణం పుట్టుకతోనే ఉంది, దాని పోగు సహజంగా మెలికలు తిరిగి ఉంటుంది. పత్తికి లేదు. పత్తి కార్డిగన్ ఉదయం బాగుంటుంది, మధ్యాహ్నానికి ఛాతీ దగ్గర సంచిలా సాగుతుంది, సాయంత్రం వరకు అలాగే ఉంటుంది. పైగా బరువు, కాబట్టి కిందికి కూడా దిగుతుంది. పత్తే కావాలంటే కొద్దిగా ఎలాస్టేన్ (రబ్బరులా సాగే పోగు) కలిసినది చూడండి. విస్కోస్ బాగా జారుతూ పడుతుంది, ఒంటికి అందంగా ఉంటుంది, కానీ అది కూడా బరువుకు సాగుతుంది. నైలాన్ కలిసిన విస్కోస్ కొంత నయం.

రిబ్బు అల్లిక, అంటే నిలువు గీతలు తేలే అల్లిక, గురించి జాగ్రత్త. ఒళ్లంతా నిలువు రిబ్బు ఉన్నది సాగుతుంది కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ ఛాతీ దగ్గర గీతలు విచ్చుకుని వెడల్పవుతాయి, నడుము దగ్గర దగ్గరికి చేరతాయి. నిలువు గీతలు సన్నగా చూపిస్తాయంటారు. అవి నిటారుగా ఉన్నంత వరకే. కింది అంచుకూ చేతుల చివరకూ మాత్రమే రిబ్బు ఉంటే మంచిదే, అయితే ఆ కింది రిబ్బు మరీ బిగుతుగా ఉండకూడదు. అది నడుము దగ్గర పట్టేసుకుంటే పైన ఉన్న బట్టంతా ఛాతీ కింద గుట్టగా చేరుతుంది.

చుక్కలరాత్రి:
మెడ ఆకారం గురించి కూడా చెప్పండి. గుండ్రటి మెడ వేసుకుంటే నాకు మెడ ఉన్నట్టే అనిపించదు.

తేలికదారం:
గుండ్రటి మెడకు పైదాకా బటన్లు పెడితే గొంతు నుంచి నడుము వరకు ఒకే పరదా అవుతుంది, కన్ను ఆగడానికి చోటుండదు. వీ ఆకారం ఆ పరదాను రెండుగా చీలుస్తుంది. వీ కొస ఛాతీ ఎత్తైన చోటికి ఒకటి రెండు అంగుళాలు పైన ఆగితే బటన్లు పెట్టుకోవడానికి బాగుంటుంది. అంతకంటే లోతైతే మొదటి బటను ఛాతీ కిందికి వస్తుంది. అది విడిగా మరో తరహా. అక్కడ లాగుడు ఉండదు గానీ లోపల వేసుకునే టాప్ బాగుండాలి.

చేతుల పొడవు ఎవరూ పట్టించుకోరు. చేతులు మోచేతికి పైన ఆగిపోతే ఆ అంచు సరిగ్గా ఛాతీ వరుసలోకి వస్తుంది, మూడు వెడల్పులు ఒకే గీత మీద చేరతాయి. ముప్పావు చేతులు నడుము వరుసలో ఆగుతాయి, కన్ను అక్కడికి వెళుతుంది. ఛాతీ మీద జేబులు, ఛాతీకి అడ్డంగా వెళ్లే రంగు పట్టీ, ఈ రెండూ నాకైతే వద్దు. అద్దంలోనేను గారికి ఇష్టమైతే వేసుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

అద్దంలోనేను:
ఎర్ర పట్టీ ఉన్నది ఒకటి ఉంది నా దగ్గర. వేసుకుంటాను కూడా.

పొట్టిగట్టు:
నా ఛాతీకీ నడుముకూ మధ్య దూరం చాలా తక్కువ. నడుము దగ్గర ఆగే కురచ కార్డిగన్లు అందరికీ బాగుంటాయంటారు, నాకు మాత్రం పెట్టెలా కనిపిస్తాయి. పొడవైనవి వేసుకుంటే మొత్తం మునిగిపోతాను.

కత్తెర:
మీలాంటివారికి కురచది నప్పదు, ఎవరేమన్నా సరే. ఛాతీ కింద బట్ట లోపలికి తిరగడానికి కాస్త జాగా ఉండాలి. మీకు అది లేదు, కాబట్టి ఛాతీ అంచే నడుము అంచు అవుతుంది. తుంటి ఎముక మీద ఆగేది, నడుము దగ్గర కొద్దిగా లోపలికి అల్లినది చూడండి. తుంటి అన్నిటికంటే వెడల్పున్న చోట మాత్రం ఆగకూడదు. ఛాతీకీ నడుముకూ మధ్య మంచి జాగా ఉన్నవారికి కురచది చక్కగా ఉంటుంది. అయితే ముందు భాగం పైకి లేస్తుందని మొదటే చెప్పాను, కాబట్టి కొనేటప్పుడు వెనక కంటే ముందు పొడవుగా ఉన్నదో లేదో మడిచి చూడండి. దాదాపు ఎప్పుడూ ఉండదు.

ఇక చేతులు అతికిన తీరు. భుజం ఎముక మీద కుట్టు వచ్చే మామూలు చేతులు మనకు అన్నిటికంటే నమ్మకమైనవి. మెడ నుంచి చంకకు ఏటవాలుగా కుట్టు వచ్చే రాగ్లాన్ కూడా ఫరవాలేదు, భుజం ఇంత వెడల్పు ఉండాలనే లెక్క దానికి ఉండదు. కానీ చంక మరీ కిందికి దిగినది వద్దు.

పాతబీరువా:
ఈ విషయంలో నేను కత్తెర గారితోనే. రాసి పెట్టుకోండి, ఇది తరచుగా జరగదు.

గుప్పెడుఊలు:
ఆలస్యంగా వచ్చాను. చర్చంతా చదివాక అడగాలనిపించింది. ఇంత తంటాలు పడే బదులు అల్లుకోవచ్చు కదా! అల్లికలో ఛాతీకి ఎంత కావాలంటే అంత, అక్కడే పెంచుకోవచ్చు.

వానమబ్బు గారి కొలతలతోనే లెక్క వేసి చూపిస్తాను. 10 సెంటీమీటర్లకు, అంటే సుమారు 4 అంగుళాలకు, 22 కుట్లు, 30 వరుసలు వచ్చే దారం అనుకుందాం. అప్పర్ చెస్ట్ 36కు 2 అంగుళాల వదులు కలిపి 38 సైజు నమూనా తీసుకోండి. భుజాలు, చేతులు, వీపు అన్నీ దాని ప్రకారమే. ఛాతీ దగ్గర 41కి ఒక అంగుళం వదులు కలిపితే 42 కావాలి. తేడా 4 అంగుళాలు, అంటే 22 కుట్లు. ఇవన్నీ ముందు భాగానికే, ఒక్కో వైపు 11. నడుము నుంచి మొదలుపెట్టి ఛాతీ ఎత్తైన చోటికి అంగుళం కింద వరకు కొద్దికొద్దిగా పెంచాలి. పైకి వెళ్లాక వాటిని వదిలించుకోవాలి. వీ మెడ అయితే మెడ వైపు తగ్గించే కుట్లలో వీటినీ కలిపేయవచ్చు, ఎవరికీ కనిపించదు.

పొడవుకు పొట్టి వరుసలు, అంటే చివరిదాకా వెళ్లకుండా మధ్యలోనే వెనక్కి తిరిగే వరుసలు. భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా నడుము వరకు ముందు కొలవండి, అలాగే వెనక కొలవండి. తేడా 2 అంగుళాలు వచ్చిందనుకోండి, అది 15 వరుసలు. పొట్టి వరుసలు జంటలుగా వస్తాయి కాబట్టి 14 వేస్తే సరి. బటన్ పట్టీ వైపు నుంచి పక్క కుట్టు వైపు అల్లుతూ, ఒక్కోసారి కొన్ని కుట్లు ముందే ఆగి వెనక్కి తిరగాలి. అన్నిటికంటే చిన్న వరుస కూడా ఛాతీ కొసకు పక్క వైపున అంగుళం దూరంలోనే ఆగాలి. కొస దాకా వెళితే అక్కడ మొన తేలుతుంది. అన్నీ ఒకే చోట తిరిగితే సంచీ అవుతుంది.

నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరాకే లెక్క వేయండి. యంత్రంలో ఉతకవచ్చని రాసి ఉండే సూపర్‌వాష్ ఊలు తడిస్తే పెరుగుతుంది.

చుక్కలరాత్రి:
గుప్పెడుఊలు గారూ, చదువుతుంటేనే నాకు చేతులు నొప్పి పుట్టాయి. మాలో కొందరికి ఊలు చుట్టడం కూడా రాదు.

గుప్పెడుఊలు:
మొదట్లో ఎవరికీ రాదండీ. చలికాలం చాలా పొడవు.

నిర్వాహకులు:
ఫోటోలు పెట్టేవారు ముఖం, ఆఫీసు గుర్తింపు కార్డు కనిపించకుండా కత్తిరించి పెట్టండి. ఇద్దరివి ఇప్పుడే తీసేశాము.

దూరపుకొండ:
దుకాణంలో తొడుక్కుని చూడటం అందరికీ కుదరదు కదా. ఆన్‌లైన్‌లో కొనేవారు ఏం చూడాలి?

వేలిముద్ర:
మీకు అన్నిటికంటే బాగా కుదిరిన స్వెటరును బల్ల మీద పరిచి కొలవండి. చంక నుంచి చంకకు, భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకు, మెడ పక్క నుంచి కింది అంచుకు. అమ్మేవారు ఇచ్చిన పట్టిక శరీర కొలతలదా, బట్ట కొలతలదా అన్నది ముందు చూసుకోండి. రెండూ కలిపేసుకుంటే మొత్తం తారుమారవుతుంది. చంక నుంచి చంకకు ఉన్న కొలతను రెట్టింపు చేస్తే బట్ట చుట్టుకొలత వస్తుంది. బటన్లు పెట్టుకునేదైతే అది మీ ఛాతీ కంటే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి, బాగా సాగే సన్న అల్లికైతే సమానంగా ఉన్నా చాలు. ఎప్పుడూ తెరిచే వేసుకుంటారా, అప్పుడు ఛాతీ కొలత మరచిపోండి, భుజం చూసుకోండి.

ఫోటోల్లో మోడల్ చేతులు గమనించండి. ప్రతి ఫోటోలోనూ కార్డిగన్‌ను చేత్తో పట్టుకుని ఉన్నా, బటన్లు ఎక్కడా పెట్టి చూపించకపోయినా అనుమానించాలి. పక్క నుంచి తీసిన ఫోటో లేకపోతే నేను కొనను. ముందు నుంచి ఎంత అందంగా ఉన్నా వీపు మీద క్లిప్పులు పెట్టి బిగించి ఉండవచ్చు.

వచ్చాక ట్యాగ్ తీయకముందే అన్ని బటన్లు పెట్టి కూర్చోండి, చేతులు కట్టుకోండి, పై అరలో ఉన్నది అందుకోవడానికి రెండు చేతులూ ఎత్తండి, తర్వాత ముందుకు వంగి కీబోర్డు మీద చేతులు పెట్టండి. నిలబడి అద్దంలో చూసుకుంటే అన్నీ బాగానే ఉంటాయి.

వానమబ్బు:
అందరికీ ధన్యవాదాలు. బీరువాలో ఉన్న బూడిదరంగు సన్న ఊలు కార్డిగన్‌కు వేలిముద్ర గారు చెప్పినట్టు మూడు టిచ్ బటన్లు కుట్టాను, రిబ్బను ఇంకా మొదలుపెట్టలేదు. ఆఫీసులో ఒక రోజంతా గడిచింది, లాక్కోలేదు. ముందు అంచు వాలు మాత్రం ఉంది, దానికి ఏమీ చేయలేం అనుకుంటాను?

కత్తెర:
కింది రిబ్బు కాస్త వదులు చేస్తే కొంత దిగుతుంది. ఊలు కాబట్టి ఉతికాక తడిగా ఉన్నప్పుడు ముందు భాగాలను మాత్రం పొడవుకు మెల్లగా లాగి, గుండుసూదులు పెట్టి పరిచి ఆరబెట్టండి. అర అంగుళం వరకు వస్తుంది. ప్రతి ఉతుకు తర్వాతా చేయాలి. హ్యాంగరుకు మాత్రం వేలాడదీయవద్దు, భుజాల మీద బుడిపెలు వస్తాయి, పొడవు రాకూడని చోట వస్తుంది.

గాజుకిటికీ:
ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. శస్త్రచికిత్స తర్వాత నాకు రెండు వైపులా ఒకేలా లేవు. ఎడమ వైపు పెద్దది, కుడి చిన్నది. కృత్రిమ మెత్త పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. బటన్లు పెడితే పట్టీ మధ్యలో ఉండకుండా ఒక పక్కకు పోతుంది.

పాతబీరువా:
తప్పకుండా అడగవచ్చమ్మా. రెడీమేడ్‌లో అయితే పెద్ద వైపుకు కుదిరేది తీసుకోండి. చిన్న వైపు పక్క కుట్టులో, చంక కింద నుంచి కొద్దిగా లోపలికి తీయించండి. అప్పుడు పట్టీ మధ్యకు వస్తుంది. పలచగా వేలాడే బట్ట కంటే కాస్త తనంతట తాను నిలబడే అల్లిక మీకు నయం, పెసరగింజల్లా చిన్న బుడిపెలు తేలే అల్లిక లాంటిది. అందులో కన్ను తేడాను పట్టుకోలేదు.

గుప్పెడుఊలు:
అల్లించుకునే వీలుంటే ఇంకా కచ్చితంగా చేయవచ్చు. ఎడమ ముందు భాగానికే కుట్లు పెంచి, పొట్టి వరుసలు కూడా అటే వేయాలి. కానీ పైన వానమబ్బు గారికి చెప్పిన పద్ధతి ఇక్కడ పనికిరాదు. అందులో పొట్టి వరుసలు పట్టీ అంచు దాకా వస్తాయి కాబట్టి ఆ అంచు పొడవు పెరుగుతుంది. రెండు వైపులా వేస్తే సమానంగా పెరుగుతుంది, ఒక వైపే వేస్తే బటన్లు కాజాలతో కలవవు. మీకు పట్టీ వైపు కూడా కొన్ని కుట్లు ముందే ఆగి తిరగాలి, పక్క కుట్టు వైపు కూడా. అప్పుడు పెరిగిన పొడవంతా మధ్యలోనే గిన్నెలా నిలుస్తుంది, రెండు అంచులూ ఒకే పొడవు ఉంటాయి. మీ కొలతలు ఒక్కో వైపు విడివిడిగా, రొమ్ము ఎముక మధ్య నుంచి పక్క కుట్టు వరకు తీసి పంపండి. లెక్క నేను వేసి పెడతాను.